తాతగారికి చెప్పిన మాట

ఆ కుర్రవాడు మోర్మన్ చర్చి తరఫున మతప్రచారానికి పరాయి దేశం వచ్చాడు. ఆ రోజంతా తిరిగినా ఎవరూ తలుపు తీయలేదు. చీకటి పడ్డాక, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ముసలావిడ మాత్రం అతన్నీ తోటి ప్రచారకుణ్ణీ లోపలికి పిలిచింది. వాళ్ళ మతంలో టీ తాగరని తెలిసి పాలు కాచి ఇచ్చింది.

"చనిపోయాక కూడా కుటుంబం కలిసే ఉంటుంది, మామ్మగారూ," అన్నాడు కుర్రవాడు. అది అతనికి కంఠతా వచ్చిన మాట.

"ఆ ముక్క మీ తాతగారికి చెప్పు నాయనా. పోయి ఏడాదైంది. అయినా రోజూ ఈ వేళకి మెట్లెక్కి వచ్చేస్తారు. అసలే మోకాళ్ళ నొప్పులు. నేనే వస్తాను, అక్కడే ఉండమను. నా మాట ఏనాడు విన్నారు గనక!" అంటూ పక్కగది చూపించింది.

తోటివాడు నవ్వు ఆపుకున్నాడు. కుర్రవాడికి మాత్రం ఆవిడ మాట తీసెయ్యబుద్ధి కాలేదు. చీకటి గది గుమ్మంలో నిలబడి, "తాతగారూ, మామ్మగారు తప్పకుండా వస్తారు. మీరింక శ్రమపడకండి," అన్నాడు.

లోపల మంచం కిర్రుమంది. ఎవరో దాటుతున్నట్టనిపించి అతను తెలియకుండానే పక్కకి తప్పుకున్నాడు. బయటి తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు ఆగి ఆగి మెట్లు దిగసాగింది. తోటివాడు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

ముసలావిడ మొహం పాలిపోయింది. "అయ్యో, నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అని శాలువా అందుకుని బయటికి పరిగెత్తింది. మెట్ల కమ్మీ మీంచి వంగి, "ఏమండీ! చలిగా ఉంది, ఇది కప్పుకుని వెళ్ళండి," అని పిలిచింది.

చప్పుడు ఆగింది. ఆవిడ తూలిపోకుండా కుర్రవాడు మోచెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి కింద చీకట్లో అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి అవి పైకి వస్తున్నాయి.