లైటు వెలిగిన గది

"మీ మిషన్‌కి నామీద ఏమైనా పగా అమ్మా?" అంటూ మావయ్య రిపోర్టుని డైనింగు టేబుల్ మీద పడేశాడు.

కోడలు తీసి చదివింది. తను పనిచేసే ల్యాబు నుంచి వచ్చిందే. ఏడాది కిందట ఆయన మూత్రకోశంలోంచి తీసేసిన కేన్సరు మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ అని ఉంది.

"కెమెరా పెట్టి చూస్తే ఏమీ లేదన్నారు కదా?"

"కెమెరాకి ఏమీ కనబడలేదు. మీ మిషన్‌కి మాత్రం అన్నీ కనబడ్డాయి. డాక్టరేమో ఆలస్యం చేయొద్దు, అవసరమైతే మూత్రకోశం మొత్తం తీసేద్దాం అంటున్నాడు. ఇక బయట సంచి తగిలించుకుని తిరగాలట."

జీవితమంతా డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. పక్క సీట్లో కూర్చుని ఎంతమంది చేతగానివాళ్ల బ్రేకుల్ని భరించాడో లెక్కలేదు. అలాంటిది మంచినీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు.

అంత భయంలోనూ ఆయనకి ఆరాలు మాత్రం తగ్గవు. "అసలు ఒక్క సీసా మూత్రంలో నా జాతకమంతా ఎలా చెప్పేస్తారమ్మా?"

"లోపలి కణాలు కొన్ని మూత్రంలో రాలిపడతాయి మావయ్యా. అన్ని కణాల్లోనూ జీన్లు అవే. ఇంట్లో గదిగదికీ లైట్లున్నట్టు అనుకోండి. ఏ గదిలో లైటు వెలుగుతోందో చూస్తే లోపల ఎవరు మేలుకుని ఉన్నారో తెలుస్తుంది. కేన్సరు అనే దొంగ వచ్చేముందు వెలిగే లైట్లు కొన్ని ఉన్నాయి. మేం వాటినే చూస్తాం."

"దొంగ లైటో దొర లైటో ఎలా తెలుస్తుంది?"

"పోల్చుకోడానికి ప్రతి విడతలోనూ పేషెంట్ల సీసాలతో పాటు ఆరోగ్యంగా ఉన్నవాళ్లది కూడా ఒకటి పెడతాం. ల్యాబువాళ్లమే వంతులేసుకుని ఇస్తాం."

"చాకిరీ చాలక అది కూడా పిండుకుంటున్నారా!" పకపకా నవ్వాడు మావయ్య. "సరేగానీ, ఇన్ని తెలిసిన మిషన్‌కి నేను మగాణ్నో ఆడదాన్నో తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదూ? ఆడవాళ్లలో మాత్రమే బాగా వెలిగే జీను ఒకటి..." అంటూ ఆమె మధ్యలో ఆగిపోయింది. ఆ జీనుని కూడా మిషన్ కొలుస్తుంది. కానీ రిపోర్టుకి అక్కర్లేదు కాబట్టి ఎవరూ దానివైపు కన్నెత్తి చూడరు.

మర్నాడు ల్యాబులో బ్యాగు భుజాన ఉండగానే కంప్యూటర్ తెరిచింది. మావయ్య నంబరుకెదురుగా ఆ జీను జోరుగా వెలుగుతోంది. మగవాళ్ల జీన్ల జాడే లేదు.

"ఇది మావయ్యది కాదు!" అని అరిచేసింది.

టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి తెర చూశాడు. మొహం పాలిపోయింది. "మిషన్‌లో పెట్టేటప్పుడు ట్యూబులు తారుమారు చేశానా మేడమ్?"

"తిట్లు తర్వాత తిందువుగానీ, ముందు ఫ్రీజర్లోంచి ఆయన అసలు సీసా తియ్యి."

సాయంత్రానికి కొత్త ఫలితం వచ్చింది. మావయ్య ఇంట్లో దొంగ లైటు ఒక్కటీ వెలగడం లేదు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"మావయ్యా, పొరపాటు మాదే. మీకేం లేదు. ఆపరేషనూ వద్దు, సంచీ వద్దు."

అవతల ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుస్తూనే, "అయితే నేను మగాణ్నేనన్నమాట," అన్నాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత సంతోషం ఆమె ఎరగదు.

ఫోన్ పెట్టేసరికి టెక్నీషియన్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "మరి ఆ రిపోర్టు ఎవరిదండీ? పాపం, ఆవిడకి కబురు చెప్పాలి కదా."

"చెప్పాల్సిందే. ఏమీ తెలీక ఎక్కడో నవ్వుతూ తిరుగుతూ ఉంటుంది," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఆ విడతలో ఆడ పేషెంట్లు ఎవరెవరున్నారు?"

"ఒక్కరూ లేరు మేడమ్. పేషెంట్లందరూ మగాళ్లే. వాళ్లు కాక, పోల్చుకోడానికి పెట్టిన మనవాళ్ల సీసా ఒక్కటే ఉంది."

ఆ విడత వంతు ఆమెది.