పేలితేనే ధర

సూర్యకళ కూరల సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. రాజమండ్రిలో పాత తుపాకులకు వెలకట్టే శోభనాద్రిగారు మూట విప్పి, అందులోని రివాల్వరు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"మా మామగారిదండి" అంది.

ఆయన గొట్టం కింది ముద్రను బొటనవేలితో తుడిచి చూశారు. "ఇంగ్లండులో చేసిందమ్మా. వందేళ్లు దాటింది. పిడి కూడా మార్చలేదు."

"పేలుతుందాండి?"

లోపల గుళ్లు లేవని చూసుకుని మీట నొక్కారు. టక్కుమంది. "భేషుగ్గా పేలుతుంది. అందుకే దీనికి ధర."

ఆమె మొహం వాడిపోయింది. తక్కువ చెబుతానని భయపడుతోంది కాబోలనుకుని ఆయన లక్షన్నర అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు లక్షలన్నారు.

"పేలకుండా చెయ్యగలరాండి?"

"గుండును కొట్టే సుత్తి మొన అరగదీస్తే పేలదు. కానీ అప్పుడిది ఉత్త ఇనప ముక్కమ్మా. ఎవరూ కొనరు."

"అరగదీసెయ్యండి. పైకి మాత్రం తెలియకూడదు."

"ఇంత మంచి వస్తువునా? వద్దనుకుంటే నాకే అమ్మెయ్యండి."

"అమ్మడానికి లేదండి. రొయ్యల చెరువు పోయిన దగ్గర్నుంచీ మావారు దీన్ని తలగడ కింద పెట్టుకుంటున్నారు. గుళ్లెక్కడ దాచారో ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడు మాత్ర వేసుకుని పడుకున్నారు. లేచేలోపు కొవ్వూరులో ఇంటికి వెళ్లి, మళ్లీ అక్కడే పెట్టెయ్యాలి."

శోభనాద్రిగారు ఆకురాయి కోసం సొరుగు లాగారు.

"ఇది అక్కడ లేకపోతే" అంది సూర్యకళ, "గోదారి బ్రిడ్జి మీదికి వెళ్తారండి."