గాలి వంతు

పామర్రు దాటగానే పడమటి గాలి జయపాల్ ముఖాన కొట్టింది.

సైకిల్ ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. వెనక క్యారియర్ మీద గోంగూర, బెండకాయల బుట్ట. హ్యాండిల్‌కి ముందు కట్టిన పోటీ నంబరు అట్ట. సంచిలో ఇడ్లీల డబ్బా.

అసలు పందెమంతా ఆ డబ్బాతోనే.

విజయవాడ హాస్టళ్లకు కూరగాయలు సరఫరా చేసే సంస్థ ఒకటి, డెల్టా ఊళ్ల నుంచి సరుకు కార్లలో తేవాలా, సైకిళ్ల మీద తేవాలా అని తేల్చుకోవడానికి పెట్టిన పందెం అది. సైకిళ్లు తలా ఒక ఊరి నుంచి బయలుదేరతాయి. చల్లపల్లి నుంచి కాస్త ఆలస్యంగా ఒక కారు కదులుతుంది. కారుకంటే ముందు ఆటోనగర్ గేటు చేరాలి. అలా చేరినవాళ్లలో దారిలో ఎవరు తక్కువ తింటే వాళ్లే గెలిచినట్టు. కారుకు పెట్రోలు ఎలాగో మనిషికి తిండి అలాగ. అందుకే డబ్బాలు బయలుదేరేముందు తూచారు, చేరాక మళ్లీ తూస్తారు.

గెలిచినవాళ్లకి సైకిళ్ల సూపర్‌వైజర్ ఉద్యోగం. ఉన్నది ఒక్కటే.

జయపాల్ వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చినవాడు అతనే. డిగ్రీ చేతికొచ్చినా తల్లి ఇంకా నాట్లకు వెళ్తూనే ఉంది.

గాలి ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. కాళ్లు పీకేస్తున్నాయి. ఇక తప్పదని డబ్బా మీద చెయ్యి వేయబోతుంటే, ముందు ఒక సైకిల్ కనపడింది.

తొక్కుతున్నది ఆడమనిషి. నలభై పైబడి ఉంటాయి. పొలానికి వెళ్లే ఆడవాళ్లలాగే చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంది. వెనక గోనె కప్పిన బుట్ట. ఇంత గాలిలోనూ ఆమె కాళ్లు ఒకే వరసన ఆడుతున్నాయి.

ఆయాసం విని వెనక్కి తిరిగింది. జయపాల్‌ని చూసింది, అతని నంబరు అట్టనీ చూసింది. కాస్త వేగం తగ్గించింది.

"నా ఎనకమాలే రా అబ్బాయ్. చక్రానికి చక్రం ఆనేటట్టు రా. గాలి నేను కాస్తాలే."

వెళ్లాడు. ఎవరో తలుపు మూసినట్టు హోరు ఆగిపోయింది.

చేపల బుట్టలతో ఊళ్లు తిరిగేటప్పుడు తామంతా ఇలాగే వరసగా వెళ్తామని, ముందున్నవాళ్లు గాలి కాస్తే వెనకవాళ్లకు సుఖమని, మధ్యమధ్యలో వంతులు మారతామని చెప్పింది. మరి నా వంతెప్పుడక్కా అంటే, చెప్తాలే తొక్కమంది.

జయపాల్‌కి ఊపు వచ్చింది. ఊపుతోపాటు మాటలూ వచ్చాయి. లీటరు పెట్రోల్లో మనిషికి మూడు రోజుల తిండికి సరిపడా శక్తి ఉందని చెప్పాడు. ఇడ్లీ కూడా ఊరికే రాదని, దాని వెనక ట్రాక్టరు డీజిలు, గ్రైండరు కరెంటు ఉంటాయని, అందుకే ఈ పందెంలో తిండిని కూడా ఖర్చు కింద రాస్తున్నారని చెప్పాడు.

"అయితే ఆకలెయ్యడం కూడా తప్పేనేంటయ్యా?" అని నవ్వింది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో సంచిలోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంది.

ఉయ్యూరులో మళ్లీ తిన్నది. కంకిపాడులో మళ్లీ. రోజూ బుట్ట మోసే మనిషి, ఆకలి ఎక్కువే ఉంటుంది అనుకున్నాడు జయపాల్. తన డబ్బాకు ఇంకా మూతే తియ్యలేదు. ఆ సంగతి తలచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది.

ఉద్యోగం వస్తే ఏం చేస్తావని అడిగింది.

"మీలాంటి వాళ్లందరికీ పని ఇప్పిస్తానక్కా."

"మాటంటే మాటేనా?"

"మాటే."

ఆమె ముందుకు వంగి మరింత బలంగా తొక్కింది.

పెనమలూరు దగ్గర వెనక హారన్ మోగింది. జయపాల్ వెనక్కి తిరిగి చూశాడు. కారు వచ్చేసింది.

"ఇంక నువ్వు పో," అంది ఆమె, రొప్పుతూ. "నీ కాళ్లు తాజాగా ఉన్నాయి. కారు మాత్రం గెలవకూడదు."

జయపాల్ సీటు మీంచి లేచి తొక్కాడు. ఆమెను దాటేటప్పుడు పక్కకైనా చూడలేదు.

తాడిగడపలో స్కూలు బస్సులు, లారీలు, ఆటోలు రోడ్డంతా కమ్మేసి ఉన్నాయి. కారు వాటి వెనక చిక్కుకుపోయింది. జయపాల్ సందుల్లోంచి చేపలా జారుకున్నాడు. ఆటోనగర్ మెకానిక్కులు షెడ్ల ముందుకొచ్చి ఈలలు వేస్తున్నారు. పొద్దస్తమానం కార్ల కింద పడుకునే మనుషులు ఇవాళ సైకిల్ గెలవాలని అరుస్తున్నారు.

గేటు దాటాడు.

తర్వాత ఇంకో సైకిల్ వచ్చిందన్నారు. ఆ వెనకే కారు. మిగతావాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు.

సంస్థ తరఫున వచ్చిన హెలెన్ అతని డబ్బా తూచింది. పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. రెండోవాళ్ల డబ్బా పూర్తిగా ఖాళీ అని, ఉద్యోగం జయపాల్‌దేనని మైకులో చెప్పేసింది.

మెకానిక్కులు అతన్ని భుజాల మీదికి ఎత్తేశారు. అమ్మకు ఫోన్ చెయ్యాలనుకున్నాడు. అంతకంటే ముందు ఆ అక్కకు చెప్పాలనిపించింది. రోడ్డు పొడుగునా కళ్లతో వెతికాడు. ఈపాటికి ఏ సందులోనో తన సరుకు అమ్ముకుంటూ ఉంటుంది.

ఈలల మధ్యలోంచి హెలెన్ గొంతు వినిపించింది.

"ఈ పందేనికి ముందు బందరులో పెట్టిన ట్రయల్స్‌లో డబ్బా ముట్టుకోకుండా వచ్చింది మీరొక్కరేగా గంగారత్నం గారూ. ఇవాళేంటి, మొత్తం ఖాళీ చేసేశారు?"

జయపాల్ తల తిప్పాడు.

తూకం బల్ల ముందు నిలబడి, చొక్కా చేత్తో చెమట తుడుచుకుంటూ, "ఇయ్యాళ గాలి జాస్తిగా ఉందండీ," అంటోంది అక్క.