మూడో కిటికీ కింద పేడ

"ఇంకొక్క అడుగు ముందుకేస్తే ట్రాక్టర్ జప్తు చేస్తా!" అని పోలీసాయన అరిచేలోపే పాడిరైతు హొదెలీవ్ మీట లాగేసింది. ట్రాలీ పైకి లేచింది. పేడంతా ఒప్పందాల భవనం మూడో కిటికీ కింద ధబ్బున పడింది. బ్రస్సెల్స్ వీధి వీధంతా గుప్పుమంది.

"శభాష్ అక్కా! సరిగ్గా నాలుగింటికి!" అన్నాడు రైతు సంఘం నాయకుడు వాన్నెస్.

ఆ కిటికీయే ఎందుకో, నాలుగింటికే ఎందుకో అతను చెప్పలేదు. అడిగే ఓపిక ఆమెకూ లేదు. ఆ భవనంలోనే సముద్రం అవతలి దేశం వాళ్ళతో బేరం నడుస్తోంది. వాళ్ళ చవక పాలపొడి, వెన్న రానిస్తూ సంతకం పడిందా, తన నలభై ఆవులూ కబేళాకే.

తలుపు తోసుకుని అనీక్ మేడమ్ బయటికొచ్చింది. ఇటు తరఫున బేరమాడే పెద్దావిడ. ఒంటిమీద ఖరీదైన కోటు, కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. కెమెరాలు చుట్టుముట్టాయి. పై కిటికీలోంచి అవతలి దేశం దొరలు ముక్కులు మూసుకుని తొంగిచూస్తున్నారు.

"సిగ్గు లేదూ? అతిథుల ముందు పరువు తీస్తారా?"

"పరువట పరువు! మా కొట్టాలు ఖాళీ అయ్యాక ఆ పరువే పిండుకుని తాగండి!" హొదెలీవ్ ఊగిపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"ఎందుకు తెలీదూ? ఒక్కనాడూ ఆవు పొదుగు కడగని మనిషితో!"

రైతులు ఈలలు వేశారు. మేడమ్ పై కిటికీ వైపు చూసి, ఇక నా వల్ల కాదన్నట్టు రెండు చేతులూ ఎత్తేసి లోపలికి పోయింది.

గంట తిరక్కుండానే కబురొచ్చింది. ఒప్పందంలోంచి పాలపొడిని తీసేశారు! వెన్న మాత్రం ఉండిపోయింది. ఉంటే ఉండనీ! హారన్లు మోగాయి. వాన్నెస్ టోపీ ఎగరేశాడు. హొదెలీవ్‌కి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "నలభై ఆవులూ నావే!" అంటూ ట్రాక్టర్ ఎక్కి చిందులేసింది.

అవతలి దేశం వాళ్ళ కార్లు వెళ్ళిపోయాక అనీక్ మేడమ్ మళ్ళీ వచ్చింది. హొదెలీవ్ ఇంకో పోట్లాటకి నడుం బిగించింది. మేడమ్ అటూ ఇటూ చూసి, వాన్నెస్ చెవి దగ్గరికి వంగింది.

"రెండు ట్రాలీలు తెమ్మన్నాను కదయ్యా, ఒక్కటే తెచ్చావేం? ఇంకోటి పడుంటే వెన్న కూడా ఆపేదాన్ని!"