తిమ్మిరి

వైద్య గురువు అమ్చీ రిగ్జిన్ ఒక్క గుటక తాగి, వెన్నా ఉప్పూ వేసి కాచిన టీ మొత్తం గుమ్మం బయటికి పారబోశాడు.

"ఇది టీయా, ఉప్పు కయ్యా?"

పొయ్యి ముందు కూర్చున్న యాంగ్డోల్ తలెత్తలేదు.

"ఎక్కువైందా, అమ్చీలే?"

"నన్నడుగుతావేం? నీ నోట్లో నాలుక లేదూ?"

విద్యార్థులు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అమ్చీకి తృప్తినిచ్చింది. తృప్తిగా ఉన్నందుకు కాస్త చిరాకూ వేసింది.

ముప్ఫై ఏళ్లుగా వైద్యం నేర్పుతూ ఆయన చెప్పేది ఒకటే. కళ్లు మూసుకుని వేరు ముక్క నాలుక మీద పెట్టుకోవాలి. అది ఆరు రుచుల్లో ఏదో, ఏ రోగానికో చెప్పాలి. చెప్పలేనివాడు అమ్చీ కాడు. అలాంటి చోట, మూడేళ్లుగా వంటింట్లో ఈ మనిషి! చాంగ్‌తాంగ్ మేకల మందల్లోంచి ఊడిపడింది. ఉప్పుకీ మన్నుకీ తేడా తెలియదు.

మర్నాడే పరీక్ష. లేహ్ నుంచి పెద్ద అమ్చీలు వస్తున్నారు. ఈ టీ వాళ్ల ముందు పెడితే తన పరువేం కాను?

"రేపు తెల్లారగానే లారీ ఎక్కి మీవాళ్ల దగ్గరికి పో. మళ్లీ రావద్దు."

"ఇంకొక్క బస్తా వేర్లు మిగిలాయి, అమ్చీలే. అవి ఏరేసి పోతాను."

"ఏరడానికి నువ్వే కావాలా? గాడిదకైనా కళ్లుంటాయి."

"పోనీ, ఆ బస్తా మాత్రం పిల్లలకి పెట్టకండి."

"ఓహో! నాకు పాఠం చెబుతున్నావా?"

ఆమె గిన్నె తోమి బోర్లించింది.

మర్నాడు యాంగ్డోల్ లారీ ఎక్కి వెళ్లిపోయాక, పరీక్ష బాగానే సాగింది. గంతలు కట్టుకున్న పదకొండు మందీ ఒక్క వేరూ తప్పు చెప్పలేదు.

"ఇవన్నీ తేలికైనవి. కష్టమైనది ఒకటి పెట్టండి చూద్దాం," అన్నాడు లేహ్ పెద్దాయన.

అమ్చీకి రోషం వచ్చింది. స్వయంగా వెళ్లి, మిగిలిపోయిన బస్తా విప్పి, గుప్పెడు తెచ్చాడు.

"ఇది చెప్పు, డిస్కిత్."

ఆ అమ్మాయి నమిలింది.

"చేదు, అమ్చీలే. తర్వాత..." ఆగింది. "పెదాల మీద చీమలు పాకుతున్నాయి. నాలుక తెలియడం లేదు."

"ఉమ్మెయ్! మింగకు, ఉమ్మెయ్!"

తెల్లవేరు జ్వరానికి మందు. దాని పక్కనే మొలిచే నల్లవేరు వసనాభి, నిలువునా విషం. ఎండాక రెండిటిదీ ఒకటే బూడిద రంగు. తేడా చెప్పేది నాలుకే.

సాయంత్రానికి డిస్కిత్ తేరుకుంది. పెద్ద అమ్చీలు ఎవరితోనూ మాట్లాడకుండా బండెక్కారు.

అమ్చీ సామాన్ల గది చూసే ఫుంచోగ్‌ని పిలిచాడు.

"పరీక్ష ముందు ప్రతి వేరూ కొరికి చూడమన్నానా, లేదా?"

"అన్నారు. అది గురువు చేసే పని అని కూడా మీరే అనేవారు, అమ్చీలే."

అమ్చీ చూపు తిప్పుకున్నాడు. తన నాలుక మొద్దుబారుతుందేమోనని ఆ పనిని ఇతని మీదికి తోసేశాడు. అప్పట్లో దాన్ని ముందుచూపు అనుకున్నాడు.

"నాకు భయమేసింది. నాకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు," అన్నాడు ఫుంచోగ్.

"మరి మూడేళ్లుగా చూసిందెవరు?"

ఫుంచోగ్ వంటింటి వైపు చూశాడు.

అమ్చీ వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఆమె బోర్లించి పోయిన గిన్నె చూశాడు.

"పిలిపించు. మనిషిని పంపు. ఏ ఊరు ఆమెది?"

"మందల వాళ్లకి ఊరేమిటి? మేకలు ఎటుపోతే అటు. మీరు ఒక్కసారైనా అడిగారా?"

ఫుంచోగ్ గొంతు తగ్గించాడు.

"ఆ వేర్లు కొరికి కొరికి రుచి పోయి రెండేళ్లయింది ఆమెకి. తిమ్మిరి ఒక్కటే తెలిసేది. ఇక చాలు, మానెయ్యమన్నాను. 'అమ్చీలే నాలుక పోతే రోగులకు దిక్కెవరు, నాది టీ కాచుకునేదేగా' అంది."