ఆయా పారేసిన ఆవకాయ

మనస్విని లంచ్‌బాక్సులో ఆవకాయ మళ్ళీ మాయం.

వరసగా ఇది నాలుగో రోజు.

“గ్రేసీ ఆయా తీసేసింది మమ్మీ. నాకు ఉప్పు మంచిది కాదట.”

ఝాన్సీలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. తుని నుంచి కాయలు తెప్పించి, యాప్రాల్ ఫ్లాటులో ఒక్కో ముక్కా తుడిచి, కూతురి కోసమని కారం తగ్గించి పెట్టిన ఆవకాయ! ఎవరో ఆయా తినిపోతుంటే చేతులు కట్టుకు కూర్చుంటుందా?

మర్నాడు స్కూలు గేటు దగ్గరే పట్టుకుంది.

“పసిపిల్ల డబ్బాలో ఊరగాయ తినడానికి సిగ్గులేదూ?”

“నేను తినలే మేడమ్. చెత్తబుట్టల పడేసిన. పాప రోజు తలకాయ నొస్తుందంటది. పొద్దుగాల మొఖం సుత ఉబ్బి ఉంటది. జెర బీపీ చూపియ్యుండ్రి. విజయేందర్ డాక్టర్ సారు దగ్గరికి తీస్కపోండ్రి. ఇప్పుడు ఆయన ఏ పిల్లను సుత బీపీ చూడకుండ పంపడు.”

“తొమ్మిదేళ్ళ పిల్లకి బీపీ ఏంటి, విడ్డూరం కాకపోతే! లెక్కల పీరియడ్ రాగానే వస్తుందిలే దానికి తలనొప్పి. నువ్వేమైనా డాక్టరువా?”

“కాదు మేడమ్.”

“మరి నోరు మూసుకో.”

గ్రేసీ మూసుకోలేదు.

“ఒక్కసారి మేడమ్. చేతికి పట్టీ కట్టి చూసుడే. సూది సుత ఉండదు. మీ కాళ్ళు మొక్కుత.”

గేటు దగ్గర తల్లులంతా ఇటే చూస్తున్నారు. ఝాన్సీలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. తిన్నగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచింది.

ఆ సాయంత్రానికి గ్రేసీ ఉద్యోగం ఊడింది.

పీడ వదిలిందనుకుంది ఝాన్సీలక్ష్మి. పంతం కొద్దీ మర్నాటి నుంచి డబ్బాలో రెండు ముక్కలు ఎక్కువే వేసింది, మహాతల్లి.

ఆరు నెలలు తిరిగాయి. పొద్దున్నే ప్రార్థనలో నిలబడ్డ మనస్విని ఉన్నట్టుండి కుప్పకూలి, ఫిట్స్‌తో కొట్టుకుంది. స్కూలువాళ్ళు దగ్గర్లో ఉన్న విజయేందర్ ఆస్పత్రికే మోసుకెళ్ళారు.

బీపీ నూట డెబ్బై బై నూట పది.

డాక్టర్ విజయేందర్ స్కానింగు చూసి కళ్ళద్దాలు తీశాడు.

“ఒక కిడ్నీ ఎండిపోయిందమ్మా. రెండోది సుత బాగా దెబ్బతిన్నది. ఆర్నెల్ల కింద తెచ్చుంటే దాన్నన్నా కాపాడుకునేటోళ్ళం. ఇంక డయాలసిస్‌కు తయారుగ ఉండాలె. అవునూ, మీ స్కూల్ల గ్రేసీ ఉండె గదా, మీకు చెప్పలేదా?”



“చెప్పింది. నేనే... ఉద్యోగంలోంచి తీయించేశాను.”

డాక్టర్ స్కానింగు కాగితాలు కవర్లో పెట్టాడు.

“ఎక్కడుంటుందండీ? వెళ్ళి కాళ్ళ మీద పడతాను.”

“సీతాఫల్‌మండిల ఉండె. నౌకరి పోయినంక కిరాయి కట్టలేక ఖాళీ చేసిందట. ఏడికి పోయిందో ఎవరికీ తెల్వదు.”

“అంత కచ్చితంగా ఎలా చెప్పింది? ఇదివరకు నర్సా ఆవిడ?”

“కాదమ్మా. బీపీతోని చచ్చిపోయిన ఒక పిల్లగాని తల్లి. తలనొప్పి అని నా దగ్గరికి తెస్తే, బడి ఎగ్గొట్టనీకి వేషాలని, చేతికి పట్టీ సుత కట్టకుండ వాణ్ని ఇంటికి పంపింది నేనే.”