మొదటి గ్లాసు

సముద్రం బోర్లలోకి వచ్చాక, మా వీధిలో వాడిన నీళ్లే మళ్లీ తాగే నీళ్లవుతున్నాయి. స్నానాలవీ, మరుగుదొడ్లవీ అన్నీ ఒకే ట్యాంకులోకి వెళ్లి తేటగా బయటికొస్తాయి. అయినా ఎవరో ఒకరు ముందు తాగి చూపించందే ఏ ఇల్లాలూ కొళాయి కింద బిందె పెట్టదు. ఆ మొదటి గ్లాసు తాగడానికి నా అంతట నేనే ఒప్పుకున్నాను. పొద్దున్నే తాగి, మధ్యాహ్నం దాకా అందరికీ కనబడేలా అరుగు మీద కూర్చుంటాను.

తుపాను వెళ్లిన మర్నాడు, తాగిన కాసేపటికే నాకు వాంతయింది.

"ఇయ్యాళ పట్టకండమ్మా," అన్నాను.

"ట్యాంకు మీద పచ్చలైటు ఎలుగుతానే ఉందిగా," అంది ఎదురింటి నాంచారమ్మ. "రాత్రి నువ్వేం తిన్నావో ఏంటో."

"తిండి కాదు పిన్నీ, నీళ్లే. నా మాట ఇనండి."

"మరి పిల్లలకి ఏం పొయ్యమంటావ్, ఉప్పునీళ్లా?"



వీధంతా గుమిగూడి మాట్లాడుకున్నారు. నా కడుపు నమ్మదగ్గది కాదని తేల్చి నన్ను మాన్పించారు. రాళ్లు తిన్నా అరిగించుకుంటాడని పేరున్న వీరాస్వామిని పిలిచారు. అతను గ్లాసెత్తి గటగటా తాగి, మీసం తుడుచుకుని, అరుగు మీద నా చోట కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా అతనికేమీ కాలేదు. బిందెల వరస కదిలింది.

నేను పెరట్లో మళ్లీ వాంతి చేసుకుని వచ్చేసరికి, ఆ వరసలో అందరికంటే ముందు మా అత్త నిలబడి ఉంది. చంకలో బిందె, చేతిలో మా పాప పాలసీసా.